ఏఐ కేంద్రాల కరెంటు భారం ఎవరు మోయాలి?

చంద్రగిరి వాసి:
విశాఖలో 1 గిగావాట్ స్థాయి ఏఐ డేటా సెంటర్ (వేలాది కంప్యూటర్లు రాత్రీ పగలూ నడిచే కేంద్రం) కడతామని, ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. 1 గిగావాట్ అంటే 1,000 మెగావాట్లు. ఏడాది పొడవునా నిండుగా నడిస్తే 876 కోట్ల యూనిట్లు. కర్నూలు సోలార్ పార్కు మొత్తం సామర్థ్యం కూడా 1,000 మెగావాట్లే, అదీ ఎండ ఉన్నంతసేపే.

విశాఖ తూర్పు డిస్కమ్ (ఇళ్లకు, పొలాలకు కరెంటు పంపిణీ చేసే సంస్థ) పరిధిలోది, తిరుపతి కేంద్రంగా ఉన్న మన దక్షిణ డిస్కమ్‌కు ఏమిటి సంబంధం అని కొందరు అడుగుతున్నారు. యూనిట్ ధరల పట్టిక రాష్ట్రమంతటికీ ఒకటే కదా! అక్కడ కొత్త లైన్లకు, రాత్రిపూట కొనే ఖరీదైన కరెంటుకు అయ్యే ఖర్చు అందరి లెక్కలో కలిస్తే చిత్తూరులో ఇల్లు గడుపుకునేవారూ కట్టాలి. కేంద్రాలు రావాలి. వాటి కోసం వేసే లైన్ల, సబ్‌స్టేషన్ల, కరెంటు నిల్వ ప్రాజెక్టుల ఖర్చు మాత్రం వాళ్లదే కావాలి. విద్యుత్ నియంత్రణ మండలికి ఇవ్వడానికి ఈ మాటే అభ్యంతరంగా రాస్తున్నాను. మీరేమంటారు?

రేణిగుంట ఇంజనీరు:
భయం ఎక్కువైంది. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలోని డేటా సెంటర్లన్నీ కలిపి వాడింది 415 టెరావాట్ అవర్లు (ఒక్కోటి 100 కోట్ల యూనిట్లు), ప్రపంచ మొత్తం కరెంటు వినియోగంలో 1.5 శాతం. పైగా రాత్రీ పగలూ పెద్దగా తేడా లేకుండా వాడే వినియోగదారుడు దొరకడం డిస్కమ్‌కు మేలే.

ఏఐ వల్ల గ్రిడ్‌కు, అంటే ఉత్పత్తి కేంద్రాలను, వాడేవారిని కలిపే లైన్ల వ్యవస్థకు, కలిగే లాభం కూడా చూడండి. రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి, ఏ భాగంలో ఎంత కావాలో డిస్కమ్ ముందురోజే చెప్పాలి. లెక్క తప్పితే డబ్బు కట్టాలి. మబ్బు పడితే సోలార్ ఎంత తగ్గుతుంది, గాలి ఎప్పుడు లేస్తుంది అన్నది ముందే తెలిస్తే ఎంత ఆదా! గూగుల్‌కే చెందిన డీప్‌మైండ్ గాలిమరల ఉత్పత్తిని 36 గంటల ముందే అంచనా వేస్తున్నామని 2019లోనే చెప్పింది.

చంద్రగిరి వాసి:
1.5 శాతం ప్రపంచ సగటు. కేంద్రాలన్నీ ఒక్కచోట చేరినప్పుడు సగటు పనికిరాదు. ఐర్లాండ్‌లో 2023లో మీటర్ల మీద లెక్కకొచ్చిన కరెంటులో 21 శాతం డేటా సెంటర్లే వాడాయి, పట్టణాల్లోని ఇళ్లన్నీ వాడినదానికంటే ఎక్కువ. మీరు చెప్పిన సంస్థే 2030 నాటికి ప్రపంచంలోని డేటా సెంటర్ల వాడకం 945 టెరావాట్ అవర్లకు చేరుతుందని అంటోంది. అంచనాలు వేసే ఏఐ మంచిదే, కాదనను. దానికి గిగావాట్ అక్కర్లేదు.

పాకాల రైతు:
మా ఫీడర్‌లో, అంటే సబ్‌స్టేషన్ నుంచి మా పొలాలకు వచ్చే లైనులో, జరిగేది చెబుతాను. చాలామంది బోర్లకు ఆటో స్టార్టర్లు ఉన్నాయి. కరెంటు పోయి తిరిగి రాగానే మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. లేచేటప్పుడు ఒక్కో మోటారు మామూలు కంటే ఐదారు రెట్లు లాగుతుంది. ఫ్యూజు ఎగిరిపోతుంది, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. అది మారేవరకు చెరకు ఎండాల్సిందే. అందుకే లైన్‌మన్ వచ్చి ఆటో స్టార్టర్లు తీసేయమని, కెపాసిటర్లు పెట్టుకోమని మమ్మల్ని అడుగుతాడు. ఐదు హార్స్‌పవర్ మోటారుకే ఇన్ని నియమాలు ఉన్నప్పుడు వెయ్యి మెగావాట్లకు ఏ నియమం ఉంది?

చంద్రగిరి వాసి:
అన్నా, సరైన చోట పట్టుకున్నారు. 2024 జూలై 10న అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో 230 కేవీ (2.3 లక్షల వోల్టుల) లైనులో లోపం వచ్చి వోల్టేజి పదేపదే పడిపోయింది. దాదాపు 60 డేటా సెంటర్లు తమ యంత్రాలను కాపాడుకోవడానికి ఒక్కసారిగా గ్రిడ్‌ను వదిలి సొంత బ్యాటరీలకు, జనరేటర్లకు మారాయి. కొద్ది క్షణాల్లో 1,500 మెగావాట్ల వాడకం గ్రిడ్ మీద నుంచి మాయం! వాడేవారు లేక వోల్టేజి పెరిగింది. మన గ్రిడ్ 50 హెర్ట్జ్ (సెకనుకు 50 ఆవృత్తుల) లయ మీద నిలబడాలంటే వాడకం, ఉత్పత్తి క్షణక్షణం సరితూగాలి. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది చీకటైనప్పుడు మనం తప్పించుకున్నామంటే కారణం, దక్షిణ గ్రిడ్ అప్పటికి దానితో ఒకే లయలో నడిచేలా కలవకపోవడం. 2013 డిసెంబరు 31 నుంచి అందరం ఒకే తీగ మీద ఉన్నాం.

రేణిగుంట ఇంజనీరు:
వర్జీనియా సంగతి కాదనలేను. చిన్న కుదుపులకు తెగిపోకుండా నిలబడాలని, తిరిగి కలిసేటప్పుడు మెట్లు మెట్లుగా కలవాలని షరతు పెట్టాల్సిందే. గ్రిడ్‌పై ఒత్తిడి ఉన్నప్పుడు ఏఐ పనిలో కొంత వాయిదా వేస్తామని గూగుల్ 2025 ఆగస్టులో అమెరికాలో రెండు విద్యుత్ సంస్థలతో ఒప్పందం చేసుకుంది. అదే ఇక్కడా అడగవచ్చు. కానీ లైన్ల ఖర్చు మొత్తం వాళ్లదే అంటే ఒప్పుకోను. ఆ లైను రేపు చుట్టుపక్కల పరిశ్రమలకూ పనికొస్తుంది.

పాకాల రైతు:
పనికొచ్చిన రోజు ఆ పరిశ్రమలు తమ వంతు డేటా సెంటర్ వాళ్లకు తిరిగి కట్టవచ్చు. ముందు పెట్టుబడి మా బిల్లులోంచి ఎందుకు? మాకు పగటిపూట తొమ్మిది గంటలు అని హద్దు పెట్టారు, సర్దుకున్నాం. వాళ్లకూ సాయంత్రం ఆరు నుంచి పది వరకు, అందరూ దీపాలు వేసుకునే వేళ, ఒక హద్దు ఉండాలి.

చంద్రగిరి వాసి:
ఆ సాయంత్రం హద్దు నేను రాయని మాట, చేరుస్తున్నాను. ధరల ప్రతిపాదనలపై విద్యుత్ నియంత్రణ మండలి ఏటా బహిరంగ విచారణ జరుపుతుంది, ఎవరైనా అభ్యంతరం రాసి ఇవ్వవచ్చు. లైన్ల ఖర్చు గురించి ఇంజనీరు గారి వాదన కూడా అందులో విడిగా పెడతాను. ముసాయిదా ఇక్కడే ఉంచుతాను, సవరణలు చెప్పండి.