సస్పెన్స్ నవల రాసినవాళ్లని ముగింపు బయటపడకుండా ఏం అడగాలి?

అందరికీ నమస్కారం. మా తెనాలి లైబ్రరీలో కొత్త నవలలు రాసిన ఇద్దరితో ముఖాముఖి పెడుతున్నాం. ఒకరిది డిటెక్టివ్ నవల, ఇంకొకావిడది సస్పెన్స్ కలిసిన ప్రేమకథ. ప్రశ్నలు అడిగే బాధ్యత నాది.

నా టెన్షన్ అంతా ఒక్కటే. వచ్చేవాళ్లలో చాలామంది ఆ పుస్తకాలు ఇంకా చదవలేదు. హంతకుడెవరో తెలిసిపోకుండా రచయిత చేత లోతుగా మాట్లాడించడం ఎలా? క్లూలు ఎక్కడ దాచాలో, పాఠకుడి అనుమానాన్ని ఎవరి మీదికి మళ్లించాలో ఎలా నిర్ణయిస్తారని అడగాలనుంది. కానీ జవాబులోనే గుట్టు రట్టయితే?

మా అమ్మ తరం వాళ్లు కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ని, వారపత్రికల సీరియల్స్‌ని ఇప్పటికీ తలుచుకుంటారు. అప్పుడు వారం వారం ఉత్కంఠ నిలిపిన పద్ధతికీ, ఇప్పుడు ప్రతిలిపి లాంటి యాప్‌లలో భాగాలుగా రాయడానికీ తేడా ఏమిటని అడిగితే చర్చ బాగా సాగుతుందని నా నమ్మకం.

ప్రేమకథ రాసినావిడని ‘ఇది మీ సొంత కథేనా?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న నాకసలు నచ్చదు. మర్యాద చెడకుండా ఎలా ఆపాలి?

ఇలాంటి సభలు నడిపినవాళ్లు మీకు బాగా పనికొచ్చిన ప్రశ్నలు చెప్తారా? మొదటి అధ్యాయం చదివించడం మంచిదేనా?