జీన్స్‌లో, అంటే జన్యువుల్లో, ఉందట నా దుఃఖం. మీరేమంటారు?

వానచినుకు: అమ్మ పోయి ఏడు వారాలు. నిద్ర లేదు, తిండి సయించదు. డాక్టరు డిప్రెషన్ ఎంతుందో చూసే ఓ కాగితం చేతికిచ్చారు. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27కి నాకు 16. "ఇంట్లో ఇంకెవరికైనా డిప్రెషన్ ఉందా? జీన్స్‌లో ఉంటుంది" అన్నారు. అమ్మ పోయిందని రాసుకోడానికి ఆ ప్రశ్నల్లో ఎక్కడా చోటు లేదు. ఇది రోగమేనా?

లెక్కలపిచ్చి: మానసిక జబ్బుల్ని గుర్తించడానికి అమెరికా సైకియాట్రీ సంఘం వేసే మాన్యువల్‌లో ఒక మినహాయింపు ఉండేది. అయినవాళ్లు పోయిన మొదటి రెండు నెలల్లో, లక్షణాలు మరీ తీవ్రమైతే తప్ప, డిప్రెషన్ అనకూడదని. 2013లో ఐదో కూర్పులో తీసేశారు. ఇప్పుడు రెండు వారాలు, తొమ్మిదిలో ఐదు లక్షణాలు ఉంటే డిప్రెషన్ అనొచ్చు. అంటే ఇదే ఏడో వారం 2012లో అయితే మీది బహుశా దుఃఖం కిందే పోయేది. మీ జన్యువులు అవే, మారింది పుస్తకం.

ఇక జీన్స్. మెదడులో సందేశాలు చేరవేసే సెరటోనిన్ అనే రసాయనాన్ని మోసే ప్రోటీన్ తాలూకు జన్యువు పొట్టి రూపంలో ఉన్నవాళ్లని కష్టాలు ఎక్కువ కుంగదీస్తాయని 2003లో న్యూజిలాండ్ పరిశోధన ఒకటి చెప్పింది. పేపర్లన్నీ ఎత్తుకున్నాయి. 2009లో 14 అధ్యయనాలు, 14,250 మందిని కలిపి చూస్తే ఆ జన్యువు ప్రభావం మాయం. కష్టాల ప్రభావం మాత్రం అలాగే ఉంది! ఇది పేపర్లకి ఎక్కలేదు లెండి, మొదటిదానంత.

పక్కబెంచీ: కవలల్ని పోల్చిన లెక్కల్లో డిప్రెషన్‌కి వారసత్వం 37 శాతం దాకా వచ్చింది కదండీ?

లెక్కలపిచ్చి: వచ్చింది. అది జనంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో జన్యువుల వాటా ఎంతన్న లెక్క. మీ ఏడుపులో 37 పాళ్లు తాతగారిదని కాదు.

రెండోషిఫ్ట్: ఐదేళ్లు నన్ను ఇంట్లో "సోమరి" అన్నారు. డాక్టరు జబ్బు పేరు రాశాకే నోళ్లు మూతపడ్డాయి, ఆఫీసులో సెలవూ దొరికింది. మామూలు బాధకి జబ్బు ముద్ర వేయడమని, అదే వైద్యీకరణ అని, మీలాంటివాళ్లు తిట్టేది నాకు ఆసరా అయింది సార్.

లెక్కలపిచ్చి: మందు వద్దనలేదండీ. మిమ్మల్ని నమ్మడానికి మీవాళ్లకి ఓ చీటీ కావలసొచ్చిందే, నా గొడవల్లా దానితోనే. లండన్‌లో కాంబర్‌వెల్ అనే ప్రాంతపు ఆడవాళ్ల మీద 1978లో ఓ పుస్తకం వచ్చింది. కష్టం వచ్చినప్పుడు మనసు విప్పి చెప్పుకునే మనిషి లేనివాళ్లే ఎక్కువగా కుంగిపోయారని అందులో తేలింది.

రెండోషిఫ్ట్: ఆ మనిషిని చీటీ మీద రాయలేరుగా. మాత్ర రాయగలరు.

వానచినుకు: రెండోషిఫ్ట్ గారూ, మీకు నిద్ర ఎన్నాళ్లకి పట్టింది?

రెండోషిఫ్ట్: మూడు వారాలకి. మాత్ర వల్లేనని ఒట్టేసి చెప్పలేను. అప్పుడే అక్క వచ్చి నా దగ్గరుంది.