ఇంటికి ముట్టుడు, మనిషికి ముట్టుడు

"ముట్టింది" అనే మాట మీద సభ్యుల సాయం కావాలి. మా చిన్నమ్మ వాళ్ళది దేవరకొండ వైపు ఒక ఊరు. ఇంటి మీద ఇంకో అంతస్తు వేస్తున్నారు. సిమెంటు, సలాఖ (ఇనుప చువ్వలు) ఒక దుకాణంలో బేరమాడి బయానా (అడ్వాన్సు) ఇచ్చారు. స్లాబు పోసే రోజు ముందే చెప్పారు. ఆ పొద్దునకల్లా సరుకు రావాలని మాట. సలాఖ వచ్చింది, సిమెంటు రాలేదు. మేస్త్రీ, కూలీలు చూసి చూసి వెళ్ళిపోయారు. తర్వాత ఒక రాత్రి, అందరూ పడుకున్నాక, ఒక్క ఫోనైనా చేయకుండా డీసీఎం వ్యాను వచ్చి వాకిట్లో బస్తాలు దింపి వెళ్ళింది. తెల్లవారుజామున వాన పడింది. కింద చెక్కల్లేవు, మీద పరదా లేదు. సిమెంటు గడ్డ కట్టింది.

ఇప్పుడు దుకాణం తరఫున వకీలు నోటీసు వచ్చింది. "సరుకు మీకు ముట్టినది గనుక మిగతా పైకం చెల్లించవలెను" అని. వాళ్ళ చేతిలో ఉన్న ఆధారమల్లా డ్రైవరు పక్కింటి పిల్లవాడితో సంతకం పెట్టించుకున్న చిట్టీ. దానిలో ఉన్న మాట "మాల్ ఇంటికి ముట్టినది". చిట్టీలో "ఇంటికి", నోటీసులో "మీకు". ఈ రెండూ ఒకటేనా? చిన్నమ్మకు ఆ నోటీసు చూసినప్పటి నుంచి ఒకటే టెన్షన్. జవాబు రాసే బాధ్యత నా మీద పడింది. వకీలు చట్టం చూసుకుంటాడు, మాట సంగతి మనం తేల్చుకోవాలి.

నాకు తోచింది ముందు చెప్తాను. ముట్టడం అంటే మొదట తాకడం. అంటు, ముట్టు అని జంటగా అంటాం. పొయ్యి ముట్టించినా, దీపం ముట్టించినా నిప్పును తాకించడమే. అక్కడి నుంచి చేతికి చేరడం అనే అర్థం వచ్చింది. ప్రామిసరీ నోటులో "రొక్కం ముట్టినది" అని రాయడం చాలా చోట్ల ఉంది. మన నల్లగొండ, పాలమూరు మాటలో ఇది డబ్బుతో ఆగదు. కూలి ముడుతది, పింఛను ముడుతది, కబురు ముడుతది. పెళ్ళి పత్రిక పంపినాక "ముట్టిందా?" అని అడుగుతాం. ఎవరికైనా స్వయంగా ఇచ్చి రమ్మంటే "ముట్టజెప్పి రా" అంటాం. వీటన్నిటికీ అవతలి కొసన ఒక మనిషి ఉన్నాడు. "ఎవరికి?" అన్న ప్రశ్నకు జవాబు లేకుండా ఈ మాట నిలబడదు.

దింపడం, పోయడం, పడేయడం అట్లా కాదు. వాటికి "ఎక్కడ?" చాలు. కంకర వాకిట్ల పోసిండు, ఇటుక గోడ పక్కకు దింపిండు. "వాకిట్ల ముట్టింది" అని మన దగ్గర ఎవరైనా అనగా నేను వినలేదు.

వాకిలి గురించి కూడా ఒక మాట, రాయలసీమ నుంచి చదివేవాళ్ళ కోసం. మీ దగ్గర వాకిలి అంటే తలుపు. కన్నడంలో బాగిలు, తమిళంలో వాయిల్ కూడా ద్వారమే. మాకు అది దర్వాజ. వాకిలంటే ఇంటి ముందు ఊడ్చి ముగ్గేసే జాగా, పైన కప్పు ఉండదు. "వాకిట్లో పెట్టాం" అని డ్రైవరు అంటే మీకు గడప దగ్గర పెట్టినట్టు వినపడుతుంది. మాకు మొగులు (ఆకాశం) కింద వదిలేసినట్టు వినపడుతుంది. సిమెంటు విషయంలో ఆ తేడా చాలా పెద్దది.

దీనికి పాలమూరు నుంచి ఒక అన్న రాసిన మాట:

"నీ వాదన మంచిగుంది గని సగమే. 'పట్నం ముట్టినంక ఫోన్ చెయ్' అంటం గదా. అండ్ల తీసుకునేటోడు ఎవడున్నడు? ముట్టుడంటే చేరుకునుడు గూడ. బండి ఇంటికి ముట్టింది, మాల్ ఇంటికి ముట్టింది. చిట్టీల రాసింది తప్పేం గాదు."

మిర్యాలగూడ నుంచి, కోర్టు పని తెలిసిన ఒక అక్క:

"కోర్టు సమన్లు అందజేసుడును మా దగ్గర తామీలు అంటరు, నిజాం కాలం నుంచి ఉన్న మాట. మనిషి తీసుకోనంటే దర్వాజకు అంటించినా తామీలు అయినట్టే చూసే వీలుంది. దుకాణం వకీలు గూడ గట్లనే అంటడేమో, ఆలోచించుకో తమ్మీ."

దుకాణం నడిపే ఇంకో అన్న:

"మేము కావాలని రాత్రి పంపం. లోడు ఎత్తేటాళ్ళకే పొద్దుగూకుతది, నాలుగు ఊర్లు తిరిగి వచ్చేసరికి నడిరాత్రి అయితది. ఫోన్ చేస్తే ఎత్తరు. దింపకుంటే ఇంకో కిరాయి పడ్తది."

ముగ్గురికీ జవాబు. పాలమూరు అన్న చెప్పిన వాడుక ఉంది, అదే ఈ గొడవకు మూలం. మనకు "కు" ప్రత్యయం ఒక్కటే రెండు పనులు చేస్తుంది. ఊరికి పోయిండు అంటే చేరే చోటు. పిల్లకు ఇచ్చిండు అంటే పుచ్చుకునే మనిషి. "ఇంటికి ముట్టినది"లో "కు" చోటును చెప్తుంది, "మీకు ముట్టినది"లో మనిషిని చెప్తుంది. ముట్టు అన్న క్రియ రెండింటికీ సరిపోతుంది కాబట్టి పైపైన చూస్తే తేడా కనపడదు. నోటీసు రాసినాయన మొదటి దాన్ని పట్టుకొని రెండో దానికి జారాడు. పట్నం ముట్టిన మనిషి తన కాళ్ళ మీద తాను ఉంటాడు, తనను ఎవరూ పుచ్చుకోనక్కర్లేదు. సిమెంటు బస్తాను ఎవరో ఒకరు పుచ్చుకోవాలి, లేకపోతే అది ఇంకా ఎవరికీ ముట్టనట్టే.

చట్టం కూడా ఈ తేడానే పట్టించుకుంటుంది. సరుకుల అమ్మకాలకు 1930 నాటి చట్టం ఉంది. డెలివరీకి దానిలో రాసిన అర్థం, ఒకరి స్వాధీనం నుంచి ఇంకొకరి స్వాధీనానికి ఇష్టపూర్వకంగా మారడం. దింపడం అని రాయలేదు. 33వ సెక్షన్ ప్రకారం, ఇద్దరూ వేరేగా ఒప్పుకోకుంటే, సరుకు కొన్నవాళ్ళ స్వాధీనంలోకి గాని, వాళ్ళ తరఫున పెట్టుకునే అధికారం ఉన్నవాళ్ళ స్వాధీనంలోకి గాని రావాలి. పక్కింటి పిల్లవాడికి ఆ అధికారం ఎవరిచ్చారు? చిన్నమ్మ ఇయ్యలేదు, డ్రైవరు అడగలేదు.

రాత్రి సంగతి 36వ సెక్షన్‌లో ఉంది. తగిన వేళలో తేకపోతే ఆ డెలివరీని చెల్లనిదిగా చూడవచ్చు, ఏది తగిన వేళ అన్నది ఆయా సంగతులను బట్టి తేలుతుంది. మన పెద్దవాళ్ళు "వేళగాని వేళ" అన్న మాటకు చట్టంలో ఇంత చోటు ఉందని తెలిసి నాకు చాలా సంతోషం వేసింది. వాన నష్టం ఎవరిదన్న దానికి 26వ సెక్షన్ చూడాలి. ఒకరి తప్పు వల్ల డెలివరీ ఆలస్యమైతే, ఆ తప్పు లేకుంటే జరగకపోయేదేమో అనిపించే నష్టం తప్పు చేసినవారిదే. చెప్పిన రోజున తెచ్చి ఉంటే ఆ సిమెంటు వాన కంటే ముందే స్లాబులో ఉండేది.

అక్కా, తామీలు పోలిక బాగా అడిగారు. దర్వాజకు అంటించడానికి కోర్టు మనిషి ముందు ప్రయత్నించి ఉండాలి, అంటించినట్టు రాసి కోర్టుకు చెప్పాలి, కోర్టు విచారించి సరే అనాలి. అంత తతంగం పెట్టింది ఎందుకంటే మనిషి చేతికి ఇవ్వకుండా ఇచ్చినట్టు లెక్కించడం అసలు పద్ధతి కాదు, దానికి మినహాయింపు. పైగా కాగితం వానకు తడిస్తే ఇంకో నకలు ఇస్తారు.

దుకాణం అన్నా, మీ కష్టం నిజమే. బండి కిరాయి, హమాలీ ఖర్చు, రాత్రి తిరుగుడు నాకు తెలుసు. అయితే ఆర్డరు తీసుకునేటప్పుడే "రాత్రి వస్తది, మనిషి ఉండాలి" అని ఒక్క మాట చిట్టీ మీద రాయండి. ఒప్పుకున్నవాళ్ళు లేచి తలుపు తీస్తారు. చెప్పాపెట్టకుండా దింపి, తర్వాత "మీకు ముట్టింది" అనడం మాత్రం న్యాయం కాదు. ముట్టజెప్పే పని చేయకుండా ముట్టిందని రాయించుకున్నట్టు అవుతుంది.

ఇట్లాంటి చిక్కులో ఉన్న ఇతర సభ్యులకు ఒక హెచ్చరిక. వాకిట్లో పడ్డ సరుకు చూసి ఊరుకోవద్దు. 42వ సెక్షన్ ప్రకారం ఒప్పుకోవడం లేదని చెప్పకుండా తగిన గడువు దాటేదాకా పెట్టుకున్నా, దానిలోంచి వాడుకున్నా ఒప్పుకున్నట్టే లెక్క. ఒక్క బస్తా కూడా విప్పవద్దు. ఫోటో తీసి అదే రోజు మెసేజ్‌లో "మాకు ఇది వద్దు" అని పంపండి. 43వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకుంటే, సరుకును మీరు మోసుకొచ్చి వాపసు ఇవ్వనక్కర్లేదు, వద్దని తెలియజేస్తే చాలు. చిన్నమ్మ పొద్దున్నే దుకాణానికి వాట్సాప్‌లో ఫోటోలు, వాయిస్ మెసేజ్ పంపింది. ఆ వాయిస్‌లో ఆమె అన్న మాట: "మాకు చెప్పకుండ ఎట్ల దింపిన్రు, ఎవరు తీసుకున్నరు?" ఇంతసేపు నేను రాసిందంతా ఆ రెండు ప్రశ్నల్లోనే ఉంది.

బయానా, స్లాబు ఆగిన నష్టం కోసం నల్లగొండలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోదామని కూడా అనుకుంటున్నాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కొన్నవాళ్ళు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు, గడువు రెండేళ్ళు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. దానికంటే ముందు 1915 హెల్ప్‌లైన్‌కు చెప్పి చూస్తాం.

నోటీసుకు జవాబులో ముఖ్యమైన వాక్యం ఇట్లా రాశాను: "సదరు సిమెంటును మీ మనుషులు రాత్రి వేళ, మాకు తెలపకుండా, మా ఇంటి ముందరి ఆరుబయట జాగాలో దింపి వెళ్ళినారు. అది మాకు గాని, మా తరఫున పుచ్చుకొను అధికారము గలవారికి గాని ముట్టలేదు." వకీలు గారు "దింపబడినది" అని మార్చమంటున్నారు, కోర్టు కాగితాల్లో అదే అలవాటట. నాకు ఇష్టం లేదు. "దింపబడినది" అంటే ఎవరు దింపారో వాక్యంలోంచి మాయమవుతుంది. "వాకిలి" అని కూడా రాయలేదు, సీమ నుంచి వచ్చిన జడ్జి అయితే తలుపు అనుకోవచ్చని. "పుచ్చుకొను" బదులు మన దగ్గర కాగితాల్లో నడిచే ఇంకో మంచి మాట ఉంటే ఈ వారంలోగా చెప్పండి, జవాబు స్పీడ్ పోస్టులో పంపాలి.