డీలామినేషన్ (పొరలు విడిపోయిన చోటు) మీది పొర బక్లింగ్ అయినా (నొక్కుడుకు ఉబ్బినా) ప్యానెల్ విరగడం లేదు, ఎందుకు?

ప్రశ్న
కార్బన్-ఎపాక్సీ ప్యానెల్, 150 × 100 మి.మీ. ఒక్కోటి 0.15 మి.మీ. చొప్పున 32 ప్లైలు (పొరలు), మొత్తం 4.8 మి.మీ. ప్లైల్లో ఫైబర్ కోణాల వరస 45/0/−45/90, సిమెట్రిక్ (నడిమికి పైనా కిందా అద్దంలో బొమ్మలా ఒకటే). పైనుంచి 4, 5 ప్లైల మధ్య 40 మి.మీ. గుండ్రటి టెఫ్లాన్ ఫిల్మ్ ఉంది, అక్కడ పొరలు అతుక్కోకుండా. ఐగన్‌వాల్యూ లెక్కలో (ఏ లోడ్ దగ్గర బక్లింగ్ మొదలవుతుందో చెప్పే కంప్యూటర్ లెక్క) 2,000 మైక్రోస్ట్రెయిన్ (పొడవులో పది లక్షల్లో 2,000 వంతులు కుదింపు) దగ్గరే మొదటి మోడ్ (బక్లింగ్ ఆకారం) వస్తోంది. కంప్రెషన్ (నొక్కుడు) టెస్టులో 4,000 దాటినా నిలబడింది. మోడల్ తప్పా, టెస్టు తప్పా?

జవాబు 1
రెండూ కాదు. మొదటి మోడ్ పైనున్న 0.6 మి.మీ. పొర బుడగలా ఉబ్బడం, అంతే. లోడ్‌ను కింది 4.2 మి.మీ. మోస్తూనే ఉంటుంది. చేత్తో సరిచూడాలంటే, రెండు చివర్లూ బిగించిన పట్టీకి స్ట్రెయిన్ = 3.29 × (మందం/పొడవు)². మీకు 740 మైక్రోస్ట్రెయిన్ వస్తుంది. గుండ్రటి మచ్చకు (పొరలు విడిపోయిన చోటుకు) పక్కల పట్టు కూడా ఉంటుంది కాబట్టి 2,000 నమ్మదగ్గదే. సూత్రంలో వర్గం ఉంది కదా, మచ్చ వ్యాసం సగమైతే ఈ అంకె నాలుగింతలవుతుంది.

విరగడం మొదలయ్యేది ఉబ్బిన పొర అంచు చీలి మచ్చ పెరిగినప్పుడు. ఆ పెరుగుదల సాధారణంగా లోడ్ దిశలో కాదు, అడ్డంగా పక్క అంచులవైపు. సీ-స్కాన్‌లో (అల్ట్రాసౌండ్‌తో పైనుంచి తీసే చిత్రం) గుండ్రటి మచ్చ అడ్డంగా సాగిన కోడిగుడ్డులా కనిపిస్తే అదే.

జవాబు 2
ఐగన్‌వాల్యూని ఇక్కడ ఆఖరి మాటగా తీసుకోకండి. అందులో కాంటాక్ట్ (పొరలు ఒకదాన్నొకటి తాకి ఆగడం) ఉండదు, పై పొర కింది దాంట్లోకి దూరిపోయే మోడ్‌లు కూడా వస్తాయి. పైగా విడిపోయిన 45/0/−45/90 ముక్క సిమెట్రిక్ కాదు, నొక్కగానే తనంతట తానే వంగుతుంది. అందుకే లోడ్ గ్రాఫులో పదునైన మలుపు కనబడదు. నాన్‌లీనియర్ రన్‌లో (లోడ్ కొంచెం కొంచెంగా పెంచుతూ చేసే లెక్క) కాంటాక్ట్ పెట్టి, మచ్చ చుట్టూ కొహెసివ్ ఎలిమెంట్లు (పొరల మధ్య అతుకు చీలడాన్ని చూపే మోడల్ ముక్కలు) వేయండి. చీలిక మొన దగ్గర కొహెసివ్ జోన్‌లో (అతుకు చీలుతున్న మేర) కనీసం మూడు ఎలిమెంట్లైనా పడాలి. మెష్ (ఎలిమెంట్ల వల) ముతకైతే బలం ఎక్కువ చూపిస్తుంది, చాలామంది పడే గుంత ఇదే.

జవాబు 3
టెస్టు కూడా చూడండి. ఏఎస్‌టీఎమ్ డీ7137 (ఇలాంటి ప్యానెళ్ల కంప్రెషన్ టెస్టు ప్రమాణం) ఫిక్స్చర్‌లో పక్క నైఫ్-ఎడ్జ్‌లు (ప్యానెల్ పక్కలను పట్టే పదునంచు ఆధారాలు) గట్టిగా బిగిస్తే అవే లోడ్ తినేస్తాయి. వేగం నిమిషానికి 1.25 మి.మీ. ముందు, వెనక జంటగా నాలుగు స్ట్రెయిన్ గేజ్‌లు (సాగుడు, కుదింపు కొలిచేవి) అతికించి బెండింగ్ 10 శాతం లోపే ఉందో లేదో చూడాలి. బుడగ నడినెత్తిన ఇంకో గేజ్ ఉంటే మంచిది: కంప్రెషన్ పెరుగుతూ పెరుగుతూ ఒక్కసారి వెనక్కి తిరిగిందంటే, పొర ఉబ్బింది ఆ లోడ్ దగ్గరే. చివర్లు చిందరవందరగా నలిగిపోతే ఆ ప్యానెల్ ఫలితం పక్కన పెట్టేయాల్సిందే.