జలసంధులు విడదీస్తాయా, కలుపుతాయా?

ప్రశ్న:
పటాల్లో జలసంధి రెండు భూభాగాల మధ్య సరిహద్దులా కనిపిస్తుంది. దూరప్రాంతాల మనుషులను, సముద్రజీవులను అదే ఎలా కలుపుతుంది? ఓడల రాకపోకలను మించి అందులో ఏముంది?

జవాబు 1:
ముందుగా నీటి సంగతి చూడాలి. టర్కీలో, నల్ల సముద్రం నుంచి మధ్యధరా వైపు దారి ఇచ్చే బోస్ఫరస్ జలసంధి అత్యంత ఇరుకైన చోట సుమారు 700 మీటర్ల వెడల్పే ఉన్నా, అందులో రెండు ప్రవాహాలు ఒకదానిపై ఒకటి ఎదురెదురుగా సాగుతాయి. పెద్ద నదులు కలవడంతో ఉప్పదనం తగ్గిన నల్ల సముద్రపు నీరు పైపొరగా దక్షిణానికి వస్తుంటే, మధ్యధరా వైపు నుంచి ఉప్పు ఎక్కువైన బరువైన నీరు అడుగున ఉత్తరానికి పోతుంది. ఇటలీకి చెందిన శాస్త్రవేత్త మార్సిలీ 17వ శతాబ్దంలోనే దీన్ని పరిశీలించి, తొట్టెలో ప్రయోగం చేసి మరీ వివరించాడు. స్పెయిన్, మొరాకోల మధ్యనున్న జిబ్రాల్టర్ జలసంధిలోనూ రెండు పొరలే, కాకపోతే అక్కడ పైనీరు అట్లాంటిక్ నుంచి మధ్యధరా లోపలికి వస్తుంది.

జవాబు 2:
మనుషుల విషయానికి మలయా ద్వీపకల్పం, సుమత్రాల మధ్యనున్న మలక్కా జలసంధి, దాని ఒడ్డున అదే పేరుతో ఉన్న రేవు పట్టణం మంచి ఉదాహరణ. ఋతుపవనాల దిశ మారేదాకా తిరుగు ప్రయాణం సాధ్యం కాదు కనుక, గుజరాత్, జావా, చైనా వర్తకులు నెలల తరబడి అక్కడే ఉండవలసి వచ్చేది. 15వ శతాబ్దపు మలక్కాలో వేర్వేరు వర్తక సమూహాల కోసం నలుగురు షాబందర్లు (రేవు అధికారులు) ఉండేవారు. నా దృష్టిలో సరుకుల కంటే ఈ నిరీక్షణే ముఖ్యం, ఎందుకంటే భాషలు, మతాలు, వివాహ సంబంధాలు ఆ విరామంలోనే కలిశాయి.

జవాబు 3:
ఆ కలయిక తెగిపోవచ్చు కూడా. రష్యా, అలాస్కాల మధ్యనున్న బేరింగ్ జలసంధిలోని రెండు డయోమీడ్ దీవుల్లో ఒకటి రష్యాది, మరొకటి అమెరికాది; వాటి మధ్య దూరం దాదాపు 4 కిలోమీటర్లే, అయినా 1948లో సరిహద్దు మూతపడటంతో బంధువులు విడిపోయారు. బోహెడ్ తిమింగలాలు మాత్రం ఏటా వసంతంలో ఆ దారినే ఉత్తరానికి వెళ్తున్నాయి.