గ్రోత్ స్కాన్‌లో ‘8వ పర్సంటైల్’: మన బిడ్డలను అమెరికా పట్టికతో కొలవడం సబబేనా?

ప్రశ్న పెట్టినవారు (ఖమ్మం): నా భార్యకు 34వ వారంలో చేసిన గ్రోత్ స్కాన్‌లో బిడ్డ బరువు 1,900 గ్రాములనీ, హ్యాడ్‌లాక్ అనే అమెరికా పట్టిక ప్రకారం అది 8వ పర్సంటైల్ (అంటే అన్ని వారాలే నిండిన నూరుగురు బిడ్డల్లో బరువులో కింది నుంచి ఎనిమిదో స్థానం) అనీ వచ్చింది. ఉమ్మనీరు, డాప్లర్ (రక్తప్రసరణను చూసే పరీక్ష) సరిగానే ఉన్నాయని రాశారు. “మా ఇంట్లో అందరూ రెండున్నర కిలోలకే పుట్టారు, అవి తెల్లవాళ్ల లెక్కలు” అని మా అత్తగారు తేల్చేశారు. డాక్టరు గారు మాత్రం రెండు వారాలకు మళ్లీ రమ్మన్నారు. ఎవరి మాట వినాలి?

రేడియాలజీ పీజీ: అత్తగారి మాటలో సగం నిజం ఉంది. 1991లో వచ్చిన ఆ పట్టికకు ఆధారం టెక్సాస్‌లోని 392 మంది గర్భిణులు, వారిలో అధికులు మధ్యతరగతి శ్వేతజాతి మహిళలు. పైగా స్కాన్ యంత్రం బిడ్డను తూచదు. తల, పొట్టల చుట్టుకొలతలనూ తొడ ఎముక పొడవునూ సూత్రంలో వేస్తే వచ్చే అంచనాయే ఆ బరువు, అందులో 10 నుంచి 15 శాతం తేడా మామూలే. మీ 1,900కు పది శాతం కలిపితే 2,090 అవుతుంది, అప్పుడు బిడ్డ ‘చిన్న బిడ్డ’ అనడానికి హద్దుగా పెట్టుకున్న 10వ పర్సంటైల్ గీత దాటినట్లే. నెదర్లాండ్స్‌లో రిస్కు లేని 13 వేల మందికి పైగా గర్భిణులపై జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, చివరి నెలల్లో అందరికీ స్కాన్లు చేస్తే చిన్న బిడ్డలు ఎక్కువగా బయటపడ్డారే గానీ బిడ్డలకు కలిగే తీవ్రమైన హాని తగ్గలేదు. ఇలాంటి అంకెను చూపి ఇంటిల్లిపాదినీ బెదరగొట్టి, ప్రొటీన్ పొడి డబ్బాలు అంటగట్టడం నాకు సమ్మతం కాదు.

ప్రసూతి వైద్యురాలు: పొడి డబ్బాల సంగతి ఒప్పుకుంటాను, తక్కినది ఒప్పుకోను. నెదర్లాండ్స్ గర్భిణులను మన రక్తహీనతతో, ఆలస్యంగా బయటపడే బీపీతో వచ్చేవారితో ఎలా పోలుస్తారు? పలు దేశాల్లో కడుపులోని బిడ్డల పెరుగుదలను కొలిచి 2014లో వెలువడిన ఇంటర్‌గ్రోత్ అధ్యయనంలో నాగ్‌పూర్ కూడా ఒక కేంద్రం. తిండికీ ఆరోగ్యానికీ లోటు లేని తల్లుల బిడ్డలు ఏ దేశంలోనైనా దాదాపు ఒకేలా పెరిగారని అది చెప్పింది. కాబట్టి “మనవాళ్లు చిన్నగానే పుడతారు” అనే మాట వెనుక ఒక్కోసారి తల్లుల పోషకాహార లోపం దాగి ఉంటుంది. మాయ సరిగా పనిచేయనప్పుడు బిడ్డ తన కాలేయంలోని నిల్వలను వాడుకుంటుంది గనుక ముందు తగ్గేది పొట్ట చుట్టుకొలతే. అందుకే మేము మొత్తం బరువు కన్నా దానినే అనుమానంగా చూస్తాము.

రేడియాలజీ పీజీ: మేడమ్, 2017 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల అధ్యయనంలోనూ మన దేశం ఉంది. అందులో దేశానికీ దేశానికీ తేడాలు కనిపించాయి కదా?

ప్రసూతి వైద్యురాలు: కనిపించాయి, అందుకే ఈ వాదన ఇంకా తెగలేదు. అయితే ఏ పట్టిక వాడినా చికిత్స నిర్ణయం ఒక్క గీత మీద జరగదు. 2016లో నిపుణులు కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం, 32 వారాల తరువాత 3వ పర్సంటైల్‌కు దిగువన ఉంటే అదొక్కటే ఎదుగుదల లోపమనడానికి చాలు. 3కు, 10కి మధ్య ఉంటే డాప్లర్ తేడా గానీ మునుపటి గీత నుంచి బాగా జారడం గానీ తోడవ్వాలి. ఖమ్మం వారు మునుపటి స్కాన్ వివరాలు చెప్పగలరా? గడువు తేదీని మూడో నెల స్కాన్‌తో సరిచూశారా?

ప్రశ్న పెట్టినవారు: 12వ వారం స్కాన్‌తో తేదీ సరిపోయిందండీ. 30వ వారంలో 1,300 గ్రాములు, 10వ పర్సంటైల్ అని ఉంది. ఇప్పటి రిపోర్టులో కొలతల పక్కన “32 వారాల 3 రోజులు” అని ఉంటే, కాన్పు తేదీ ఇంకా ఆలస్యానికి జరిగిందని మా ఇంట్లో అనుకున్నారు.

ప్రసూతి వైద్యురాలు: తేదీ జరగలేదు, బిడ్డ సైజు ఆ వారాల సగటు బిడ్డకు సమానమని మాత్రమే దాని అర్థం. దాదాపు అదే గీత వెంట పెరుగుతోంది, డాప్లర్ బాగుంది గనుక కంగారు పడవలసిన పని లేదు. రెండు వారాల లోపు మళ్లీ కొలిపించకండి, యంత్రపు తేడాయే పెరుగుదల ఆగినట్లు కనబడుతుంది. బీపీ మాత్రం చూపిస్తూ ఉండండి. కదలికలు తగ్గాయని అమ్మాయికి అనిపిస్తే స్కాన్ తేదీ కోసం చూడకుండా, ఆ రాత్రికి రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.