ట్యాంకు మోటారుకి సొంతంగా ఆటోమేషన్: ఎక్కడ మొదలుపెట్టాలి?

పర్లాకిమిడి_కొత్త:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో సంపు నుంచి మేడ మీది ట్యాంకుకి నీళ్లెక్కించే 1 హెచ్‌పీ మోటారు ఉంది. కరెంటు వచ్చినప్పుడల్లా అమ్మే స్విచ్ వేయాలి, ట్యాంకు పొంగి గోడ వెంట నీళ్లు కారితేనే నిండిందని తెలుస్తుంది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఖాళీ అయితే ఆన్, నిండితే ఆఫ్ అయ్యే పెట్టె నేనే చేద్దామని నోడ్‌ఎంసీయూ బోర్డు (ప్రోగ్రాము రాసుకునే, వైఫై ఉన్న చిన్న బోర్డు), 5 వోల్టుల రిలే మాడ్యూల్ (బోర్డు చెప్పినట్టు ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్) తెప్పించాను. ప్రోగ్రామింగ్ కాస్త వచ్చు, వైరింగ్ రాదు. చేసినవాళ్లు చెప్పండి.

రాయగడ_వైరింగ్:
తమ్ముడూ, ఆ రిలేకి నేరుగా మోటారు తగిలించకు. దాని మీద రాసిన 10 ఆంపియర్లు బల్బు, హీటరు లాంటి లోడుకి సరిపోతాయి. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలు కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది. కాంటాక్టులు అతుక్కుపోతే నీ ప్రోగ్రాము ఆఫ్ చెప్పినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. అందుకని కాంటాక్టరు, అంటే మోటారు లోడుని తట్టుకునే పెద్ద రిలే, ఒకటి పెట్టు. నీ రిలేతో దాన్ని లాగే కాయిల్ని మాత్రమే నడిపించు, మోటారు కరెంటు కాంటాక్టరు మీదుగా వెళ్లాలి. ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్), మోటారు బాడీకి మంచి ఎర్తింగ్ తప్పనిసరి. 230 వోల్టుల వైపు పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకునే చెయ్యి. ఇందులో మొహమాటం వద్దు.

బరంపురం_అక్క:
రాయగడ అన్నయ్య చెప్పింది అక్షరాలా నిజం. దానికి ఇంకోటి కలుపుతాను. మా ఇంట్లో కాంటాక్టరు ఆఫ్ అయిన ప్రతిసారీ బోర్డు రీసెట్ అయ్యేది. ప్రోగ్రాములో ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. కాయిల్ వదిలేటప్పుడు పుట్టే వోల్టేజి దెబ్బే కారణం. కాయిల్ రెండు టెర్మినళ్ల మధ్య స్నబ్బర్ పెట్టాం, అంటే 100 ఓమ్‌ల రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు వరసగా. కెపాసిటరు మీద ఎక్స్2 అని ఉండాలి, అంటే మెయిన్స్ కరెంటు మీద నేరుగా వాడే రకం, మామూలువి పనికిరావు. ఆ తర్వాత రీసెట్ ఆగిపోయింది.

ట్యాంకులోకి 230 వోల్టుల వైరు మాత్రం దింపొద్దు బాబూ. ఫ్లోట్ స్విచ్‌కి, అంటే నీటి మట్టంతో పైకీ కిందికీ కదిలి ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్‌కి, 5 వోల్టులే చాలు. మేడ మీద నుంచి వచ్చే పొడుగాటి వైరు పక్కనున్న కరెంటు తీగల నుంచి నాయిస్ (తప్పుడు సిగ్నల్) పట్టుకుంటుంది, కాబట్టి బోర్డు పిన్నుకి నేరుగా కలపకుండా మధ్యలో పీసీ817 ఆప్టోకప్లర్ (వైర్లు కలవకుండా వెలుగుతో సిగ్నల్ దాటించే చిప్పు) పెట్టండి.

సిరోంచ_సాఫ్ట్‌వేర్:
ఇక నా వంతు. బోర్డులో డీ3, డీ4, డీ8 పిన్నులు రిలేకి వాడొద్దు. బోర్డు ఎలా బూట్ కావాలో తేల్చేవి అవే. డీ1, డీ2 వాడుకో. కరెంటు పోయి వచ్చినప్పుడు రిలే ఆఫ్‌లోనే లేవాలి. టాస్మోటా (ఇలాంటి బోర్డులకి దొరికే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్) వేసుకుంటే అందులో పవర్‌ఆన్‌స్టేట్ అనే సెట్టింగు 0 పెడితే సరి.

అన్నిటికంటే ముఖ్యం, నిర్ణయం బోర్డే తీసుకోవాలి. కరెంటు పోతే రౌటరు పోతుంది, మా దగ్గర వానాకాలంలో నెట్ పోతే ఎప్పుడొస్తుందో తెలియదు. ఫోను యాప్ చూడ్డానికి మాత్రమే. ఇంకోటి, ఈ బోర్డుకి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అందుతుంది, రౌటరు 5కి సెట్ చేసి ఉంటే అసలు కనపడదు.

బల్లార్షా_వర్క్‌షాప్:
సంపు గురించి ఎవరూ అనలేదు. మా చంద్రపూర్ ఎండలకి బోరు ఇంకిపోయి సంపులోకి నీళ్లు రావు, పంపు నీళ్లు లేకుండా తిరిగితే సీల్ కాలిపోతుంది. సంపులో కూడా ఒక ఫ్లోట్ వేసి, దానితోపాటు మామూలుగా ట్యాంకు నిండే టైముకి కొంచెం ఎక్కువ పెట్టి ప్రోగ్రాములో గరిష్ఠ సమయం కూడా రాయి. ఫ్లోటు ఇరుక్కున్నా మోటారు ఆగుతుంది.

పర్లాకిమిడి_కొత్త:
అందరికీ చాలా థాంక్స్. అమ్మ పాత స్విచ్ కూడా పనిచేయాలంటోంది, పెట్టె పాడైతే ఎలా అని ఆవిడ టెన్షన్. అది వీలవుతుందా?

రాయగడ_వైరింగ్:
వీలవుతుంది, అలాగే చెయ్యాలి కూడా. మూడు స్థానాల సెలెక్టర్ స్విచ్ అడుగు: ఆటో, ఆఫ్, మాన్యువల్. మాన్యువల్‌లో పెడితే కాయిల్‌కి కరెంటు నేరుగా వెళ్తుంది, బోర్డుతో పనే ఉండదు. కాంటాక్టరు కొనేటప్పుడు ఏసీ-3 రేటింగ్ (మోటారు లోడుకి) ఎంతో చూడు, ఏసీ-1 (హీటరు లాంటి లోడుకి) అంకె పెద్దదిగా ఉంటుంది, మోటారుకి అది లెక్కలోకి రాదు. ముందు మోటారు లేకుండా, రిలే చివర ఒక బల్బు పెట్టి ఫ్లోటు చేత్తో ఎత్తి దించుతూ కొన్నాళ్లు చూడు. అది సవ్యంగా వెలిగి ఆరుతుంటే అప్పుడు కాంటాక్టరు కలుపుదాం, ఫొటోలు ఇక్కడే పెట్టు.